మనోభావశాస్త్ర ప్రవేశిక

మానవ శరీరంలోని అవయవాలన్నిటిలోకీ అతి సున్నితమైనదీ, వైద్యశాస్త్రం ఇంతవరకూ గుర్తించనిదీ మనోభావం. కన్ను చూడటానికీ చెవి వినడానికీ పనికొచ్చినట్టే ఈ అవయవం దెబ్బతినడానికి పనికొస్తుంది. అంతకుమించి దానికి వేరే పని ఉన్న దాఖలాలు లేవు. తక్కిన అవయవాలు ఎవరివి వారికి ఉంటాయి గాని, ఇది ఒక కులానికో, మతానికో, అభిమాన సంఘానికో ఉమ్మడిగా ఉంటుంది. నొప్పి లక్షల మందిదే అయినా అది ముందుగా తెలిసేది సంఘాధ్యక్షుడికీ, ఆయన వెంట పోలీసు స్టేషనుకు నడిచిన కెమెరాలకూ మాత్రమే. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని పత్రికల్లో నిత్యం కనబడే వాక్యంలో కర్తృస్థానం మనోభావాలదే తప్ప మనుషులది కాకపోవడంలోనూ ఒక సౌకర్యం ఉంది: కర్త మనిషే అయితే ‘ఏ పుట చదివి దెబ్బతిన్నావు నాయనా?’ అని ఎవరైనా అడిగే ప్రమాదం ఉంటుంది.

చదవడానికీ దెబ్బతినడానికీ సంబంధం లేదన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల ‘మాదొరుబాగన్’ 2010లో వెలువడింది. తిరుచెంగోడు పరిసరాల్లోని పిల్లలు లేని దంపతుల కథ అది. నాలుగేళ్ళ పాటు ఎవరికీ ఏ నొప్పీ లేదు. ఇంగ్లీషు అనువాదం వచ్చిన మరుసటి ఏడు, 2014 చివర్లో, పాత దెబ్బ ఒక్కసారిగా సలపరించడంతో ప్రతులు తగలబడ్డాయి, ఊరు బంద్ అయింది, 2015 జనవరిలో జిల్లా అధికారులు ‘శాంతి చర్చలు’ ఏర్పాటు చేశారు. శాంతి చర్చలంటే రచయితను కూర్చోబెట్టి క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టించడమని ఈ శాస్త్రంలో అర్థం. సంతకం పెట్టిన రచయిత ఇంటికి వెళ్ళి, తనలోని రచయిత చనిపోయాడని తానే ప్రకటించుకున్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్న సామెతలో ఎద్దుకైనా ప్రాణం మిగిలింది. ఆ క్షమాపణ కాగితానికి విలువ లేదనీ, నచ్చని పుస్తకాన్ని మూసి పక్కన పెట్టవచ్చనీ చెప్పడానికి మద్రాసు హైకోర్టుకు 2016 జూలై వరకూ పట్టింది.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇవ్వగా, 19(2) దానికి ‘సహేతుకమైన పరిమితులు’ చెప్పింది. అంటే శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం వంటి కొన్ని నిర్ణీత కారణాల మీద, అదీ చట్టం ద్వారా మాత్రమే పెట్టదగిన హద్దులు. ఆ జాబితా ఎన్నిసార్లు తిరగేసినా అందులో మనోభావం కనబడదు. ఆ లోటును 1927లో బ్రిటిష్ ప్రభుత్వం శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షను కొంత తీర్చింది. 2024 జూలై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షనుగా పేరు మార్చుకొని కొనసాగుతోంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మత విశ్వాసాలను అవమానించినప్పుడే ఇది వర్తిస్తుందని, అనాలోచితంగా నోరు జారిన మాటకు వర్తించదని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. రిజర్వేషన్ల గురించి తీసిన ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమా కేసులో 1989లో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, గొడవలు జరుగుతాయని ఎవరో బెదిరించినంత మాత్రాన భావప్రకటనను ఆపేస్తే చట్టం బెదిరింపుకు లొంగిపోయినట్టేనని చెప్పింది. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2019 సెప్టెంబరులో, ‘వాల్మీకి’ అనే తెలుగు సినిమా విడుదలకు ముందురోజు ‘గద్దలకొండ గణేష్’ అయింది. ఋషి పేరు రౌడీ కథకు పెట్టడం తగదని బోయ వాల్మీకి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. చెప్పడం వారి హక్కు. అయితే వేటగాడు ఋషిగా మారిన కథను తరతరాలుగా చెప్పుకొనే దేశంలో, రౌడీ మారిన కథకు ఆ పేరు ఎందుకు తగదన్న చర్చకు మాత్రం ఆ ఒక్క రాత్రి చాలలేదు.

ఈ శాస్త్రంలో తప్పక నేర్వవలసిన తేడా ఒకటుంది: విమర్శ వేరు, తుడిచివేత వేరు. దీనికి తెలుగులో ‘రాధికాసాంత్వనము’ను మించిన పాఠం లేదు. పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రాసిన ఈ శృంగారకావ్యాన్ని కందుకూరి వీరేశలింగం స్త్రీ నోట రాదగని మాటలున్నాయని చీదరించుకున్నారు. అది విమర్శ. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ మాట విని, పోలీసులను ఆశ్రయించకుండా, మనోభావాలను లెక్కపెట్టకుండా, వ్రాతప్రతి సంపాదించి 1910లో కావ్యాన్ని సమగ్రంగా అచ్చువేయించి, సిగ్గు ఆడవారికే గాని మగవారికి ఉండనక్కర లేదా అని పీఠికలో నిలదీసింది. అదీ విమర్శే. ఇద్దరిలో ఎవరి నోరూ మూతపడలేదు. పాఠకుడికి ఒక కావ్యం, రెండు అభిప్రాయాలు మిగిలాయి. అటు తరువాత దొరలు ప్రవేశించి, అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకొని పుస్తకాన్ని నిషేధించారు. అదీ తుడిచివేత. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు.

ఈ తేడా తెలియనివారిలో రెండు తెగలున్నాయి. మొదటి తెగ తుడిచివేతను విమర్శ అనుకుంటుంది: ఫిర్యాదు రాసి, బొమ్మ తగలబెట్టి, ‘మాదీ భావప్రకటనే’ అంటుంది. రెండో తెగ విమర్శను తుడిచివేత అనుకుంటుంది. ఈ తెగకు ఈమధ్య ‘క్యాన్సిల్ కల్చర్’ అనే మాట దొరికింది. తప్పు మాట అన్నవారిని జనం మూకుమ్మడిగా వెలివేసి, పనీ పేరూ పోగొట్టడమని దాని అర్థం. అటువంటి వెలివేతలో అన్యాయం జరగదని కాదు. ఒక చిరుద్యోగి ఒక్క తెలివితక్కువ మాటకు కొలువు పోగొట్టుకుంటే అది దుర్మార్గమే. కాని ఆ చిరుద్యోగి పేరు చెప్పుకొని కన్నీరు కార్చే పెద్దమనిషి మాత్రం సాధారణంగా వేదిక మధ్య కుర్చీలో, మెడలో దండతో, చేతిలో మైకుతో ఉంటాడు. ఆడవాళ్ళ గురించి తాను వేసిన ఒక జోకుకు నలుగురు నవ్వకపోగా తప్పుపట్టారు గనుక తన గొంతు నొక్కేశారని, అయిదు చానళ్ళలో వరుసగా, మాట మాటకూ గొంతు పెంచుతూ చెబుతాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటే సరిపోయేది. ఈయన భుజాలు తడుముకుంటూ, గుమ్మడికాయ అన్నవాడి మీద పరువునష్టం దావా వేసి, ఆ కాగితం మీద కూడా వాక్‌స్వాతంత్ర్యం వర్ధిల్లాలి అని రాస్తాడు.

నిజంగా గొంతు నొక్కినప్పుడు ఇంత చప్పుడు ఉండదు. ‘రాధికాసాంత్వనము’ మీద మొదటి కత్తెర దొరలది కాదు. 1887లో వెలువడిన ముద్రణలో, కవయిత్రి తనను గురించీ తన వంశంలోని స్త్రీలను గురించీ చెప్పుకొన్న పీఠిక పద్యాలే లేవు. వాటిని తీసేయడానికి ఊరేగింపు జరగలేదు, కేసు నడవలేదు, ఎవరి మనోభావమూ దెబ్బతినలేదు. కావ్యం బజారులో దొరుకుతూనే ఉంది. అది రాసిన మనిషి మాత్రం అందులో లేదు. లేదన్న సంగతి తెలియడానికి, ఇరవై మూడేళ్ళ తరువాత, మరో స్త్రీ వ్రాతప్రతి విప్పి చదవవలసి వచ్చింది.