లాడ్జీలో దిగుతావంటగా!

ఫ్రాన్సులో ఏ పల్లెటూరైనా అందమైనదని అనిపించుకోవాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. నవ్వులాటకు చెప్పడం లేదు. 1982లో కొలోంజ్-లా-రూజ్ అనే ఊరి మేయరు షార్ల్ సేరాక్ 'ఫ్రాన్సులోకెల్లా అందమైన పల్లెలు' అని ఒక సంఘం పెట్టాడు. రీడర్స్ డైజెస్ట్ వాళ్లు వేసిన ఒక బొమ్మల పుస్తకం చూశాక ఆయనకా ఆలోచన వచ్చిందట. ఇప్పుడు ఆ సంఘంలో 170కి పైగా ఊళ్లున్నాయి. చేరాలంటే జనాభా 2,000 దాటకూడదు. ప్రభుత్వం రక్షిస్తున్న కట్టడాలో స్థలాలో కనీసం రెండుండాలి. 'మాకు ఈ బిరుదు కావాలి' అని ఊరి పాలకమండలి తీర్మానం చేసి పంపాలి. ఆపైన సంఘం మనుషులు వచ్చి, వీధివీధీ తిరిగి, ఓటేసి తేలుస్తారు. వచ్చిన బిరుదు శాశ్వతమూ కాదు. కొన్నేళ్లకు మళ్లీ చూడటానికి వస్తారు, ఊరు పాడైందనిపిస్తే పీకేసి పోతారు.

ఇవన్నీ నాకు మా మేనల్లుడు చెప్పాడు. వాడు తులూజ్‌లో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, భార్యను కారెక్కించుకుని ఆ జాబితా ప్రకారం రోజుకో పల్లెలో బస చేస్తూ తిరగడం వాడికి అలవాటు. ఈసారి నరసరావుపేట వచ్చి, "మావయ్యా, పల్నాడు కూడా అట్టాగే తిరుగుతాం. ప్రతి రాత్రీ ఒక అందమైన పల్లెలో పడుకోవాలి. ఊళ్లు నువ్వు ఎంచు" అన్నాడు.

సరే, ఆ ఫ్రెంచి షరతులే ముందు పెట్టుకుని ఎంచడానికి కూర్చున్నాను.

జనాభా షరతు దగ్గరే సగం పల్నాడు రాలిపోయింది. రెండువేల మందిని మా వైపు ఊరు అనం, పెళ్లిభోజనాల్లో రెండో బంతి అంటాం. పోనీ బొల్లాపల్లి, వెల్దుర్తి అడవుల వైపు చిన్న ఊళ్లు వెతుకుదామంటే, జనాభా సరిపోయిన చోట కట్టడాలు సరిపోవు.

కట్టడాల షరతు మాత్రం మాకు పండగే. మాచర్లలో చెన్నకేశవుడి గుడి ఉంది. కారంపూడిలో వీరుల గుడి ఉంది. అమరావతి అమరేశ్వరుడు, కొండవీటి కోట కూడా ఇప్పుడు మా జిల్లాలోవే. ఇక నాగార్జునకొండ సంగతి వేరే చెప్పాలి. నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నీళ్లొస్తే ఇక్ష్వాకుల రాజధాని మొత్తం మునిగిపోతుందని, పురావస్తు శాఖవాళ్లు అంతకు ఏడాది ముందే లోయలో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా తవ్వారు. దొరికిన స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి మళ్లీ పేర్చారు. ఒక లోయకు లోయే బస మార్చిన చోటు మాది. ఫ్రెంచివాళ్లు రెండు కట్టడాలు అడుగుతుంటే మేం రెండు వరదల ఎత్తున చూపించగలం.

చిక్కంతా తీర్మానం దగ్గర వచ్చింది. పాలకమండలి ఒప్పుకోవాలట! పల్నాట్లో ఒక పంచాయతీ ఒక మాటమీద నిలబడిందంటే ముందు సంతోషించేవాడు లేడు. ఏకగ్రీవం అన్న మాట వినపడితే పైఊరి నుంచి పోలీసు వ్యాను బయలుదేరుతుంది. 'మా ఊరు అందమైనది' అని సర్పంచి తీర్మానం పెడితే, 'మీ బజారొక్కటే అందంగా ఉందా?' అని అవతలి వర్గం లేచి నిలబడుతుంది. ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర ఫ్రాన్సు ఊసు ఎవరికీ గుర్తుండదు.

అసలు వాడు పంపిన ఫోటోలు చూస్తే నాకు అర్థంకానిది ఒకటుంది. ఆ ఊళ్లలో ఉన్నదేమిటి? రాతి గోడలు, రాతి మెట్లు, రాతి వీధులు. సెయింట్-సిర్క్-లాపొపీ అనే ఊరు చూడండి, సున్నపురాతి కొండ అంచున కూర్చుని ఉంటుంది. ఆ రాయి చూడటానికి జనం ఖండాలు దాటి వస్తారు. సున్నపురాయే కావాలంటే పల్నాటి కింద ఉన్నదంతా అదే కదా! మా పాత ఇళ్ల మిద్దెలకు, నేలకు, పశువుల కొట్టాలకు, ఆఖరికి దొడ్డికి ప్రహరీగా నిలబెట్టిన పలకలకూ నాపరాయే. తేడా ఒక్కటే. అక్కడ ఆ రాయిని గోడలో ఉంచి గదికి రేటు పెంచుకున్నారు. మేం పిడుగురాళ్లలో బట్టీలో వేసి సున్నం చేశాం, దాచేపల్లి వైపు మరలో వేసి సిమెంటు చేశాం, ఆ సిమెంటుతోనే పాత రాతిమిద్దె పడగొట్టి గులాబీరంగు డాబా కట్టుకున్నాం. ఇప్పుడు ఆ డాబామీద నిలబడి మా మేనల్లుడి ఫోటోలు చూస్తూ, 'అబ్బ, రాతి ఇళ్లు ఎంత బాగున్నాయిరా!' అంటున్నాం.

బస గురించి పల్నాటికి అనుభవం తక్కువేమీ కాదు. పన్నెండో శతాబ్దంలోనే, పల్నాటి యుద్ధానికి ముందు, కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు ఊళ్లు మారింది. మండాదిలో దిగారు. అక్కడా పశువుల మందమీద దాడి జరిగితే బిచాణా ఎత్తి మేడపికి పోయారు. అంతమందితో, అన్ని పశువులతో, ముందుగా గదులు బుక్ చేసుకోకుండా ఏడేళ్లు తిరిగిన యాత్ర మరొకటి నాకు తెలియదు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వాళ్ల తరపున అలరాజు గురజాలకు రాయబారం వెళ్లాడు. తిరుగుదారిలో చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడని వీరగాథ చెబుతుంది. బస ఎంచుకునేటప్పుడు భోజనం ఎవరు పెడుతున్నారో కనుక్కోవాలన్న పాఠం మాకు అప్పటినుంచే ఉంది. అయినా ఇప్పుడా ఊరి పేరు చెప్పి భయపడక్కర్లేదు. పల్నాట్లో ఎక్కడ తిన్నా మహా అయితే కారం ఎక్కువవుతుంది.

ఆ వీరచరిత్రను ద్విపదగా రాశాడని చెప్పే శ్రీనాథుడే ఈ ప్రాంతానికి మొదటి అసంతృప్త అతిథి. కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా వెలిగినవాడు. అలాంటివాడు పల్నాటికి వచ్చి, తిండి బాగాలేదు, నీళ్లు బాగాలేవు, ఎటు చూసినా రాళ్లేనని చాటువులు చెప్పిపోయాడని ప్రతీతి. ఈనాడు హోటలు బాగాలేదని ఎవరైనా రాస్తే నాలుగు రోజులకు కిందికి పోతుంది. ఆయన రాసింది ఆరువందల ఏళ్లయినా పల్నాడు పేరెత్తగానే పైకొస్తోంది. అయితే కాలం మా పక్షానే నిలిచింది. ఆయన జొన్నకూడును ఈసడించాడు. 2023ను ఐక్యరాజ్యసమితి ఏకంగా చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. హైదరాబాదులో ఇప్పుడు రెండు జొన్నరొట్టెలు పళ్లెంలో పెట్టి తెచ్చిన బిల్లు చూస్తే మహాకవి రాజుగారి ఖజానాకు కబురు పెట్టేవాడు. ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు కొండవీడు కూడా ఇందులోకే వచ్చింది. అంటే ఆయన గొడవ ఇప్పుడు జిల్లాలోని సొంత తగాదా, కలెక్టరు గారికి అర్జీ పెట్టుకుంటే నరసరావుపేటలోనే తేలిపోతుంది.

ఇంత చరిత్ర చెప్పినా మా వాడు, "అదంతా సరే మావయ్యా, గది ఏదీ?" అన్నాడు.

గది! అక్కడే ఉంది అసలు కథ. మా పెద్ద ఊళ్లలో బస్టాండు పక్కన లాడ్జీలు లేకపోలేదు. ఒకచోటికి వాణ్ని తీసుకెళ్లాను. కౌంటరు దగ్గరి ఆయన ఆధారు కాగితం అందుకుని అడిగాడు.

"ఏం పనిమీద వచ్చారు?"

"ఊరు చూడటానికి."

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

ఆయన పుస్తకం మూసేశాడు. "భూములు కొంటానికా?"

"కాదండీ, ఊరికే చూద్దామని."

"సర్వేవాళ్లా?"

సంబంధం చూడటానికి వచ్చామని నేను అడ్డుపడి చెప్పాక ఆయన ముఖం తేటపడింది. తాళం ఇచ్చాడు, అబ్బాయి ఉద్యోగమేంటని కూడా అడిగాడు. పక్కనే నిలబడ్డ మా కోడలు ఆ సంబంధం ఎవరికోనని కలవరపడింది.

ఈలోపు కబురు పాకింది. గురజాల దగ్గర ఉండే మా పిన్ని ఫోను చేసింది. "ఏరా, పిల్లలు లాడ్జీలో దిగారంటగా! మేం బతికుండగానే?" అంది. ఇక ఆ మాటకు తిరుగులేదు. ఫ్రాన్సులో ఇంటివాళ్లు అతిథులకు గదులు అద్దెకిచ్చే పద్ధతి ఉంది. దానికి చట్టం కూడా ఉంది, 5 గదులు, 15 మంది మించకూడదు. మా పిన్ని ఇంట్లో సంక్రాంతికి మూడు గదుల్లో, వరండాలో, డాబామీద కలిపి పడుకునేవాళ్లను లెక్కపెడితే ఫ్రెంచి సర్కారు ఆమెమీద కేసు పెట్టాల్సి వస్తుంది. పైగా ఆమె ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు. ఆ నేరానికి వాళ్ల చట్టంలో సెక్షను ఉందో లేదో.

పిన్ని ఇంట్లో దిగారనగానే అదే ఊళ్లో పెదనాన్న అలిగాడు. వాళ్లింట్లో టిఫిను. అక్కణ్నుంచి పక్క ఊళ్లో వియ్యంకులు. అక్కడ నాటుకోడి. దారిలో కారాపి "టీ అన్నా తాగి పోండి" అనేవాళ్లు. అందమైన పల్లెలు చూద్దామని బయలుదేరినవాళ్లు పల్లెల్లోని వంటిళ్లన్నీ చూశారు. ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. మా ఊళ్లలో కారు ఎవరి వాకిట్లో ఆపామన్నది చిన్న విషయం కాదు. ఈ వాకిట్లో ఆపితే ఈ పార్టీ, ఆ వాకిట్లో ఆపితే ఆ పార్టీ. ఓటు తులూజ్ నుంచి వేసే వీలైనా లేని మా మేనల్లుడు ఏ పార్టీవాడో సాయంత్రానికల్లా ఊరంతా తేల్చేసింది. మర్నాడు వాడు కారును బడి ముందు ఆపాడు. వీడెవడో స్వతంత్ర అభ్యర్థిగా దిగుతున్నాడన్నారు.

అందుకని, మేనల్లుడి తరువాత వచ్చేవాళ్ల కోసం నా సొంత జాబితా ఒకటి తయారుచేశాను. కారంపూడికి కార్తీక అమావాస్యకు వెళ్లాలి. అప్పటినుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే నాగులేటి ఒడ్డున యుద్ధం మళ్లీ జరుగుతుంది. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం అడక్కుండా అందర్నీ ఒక చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించాడని చెప్పే భోజనం అది. అన్నం ముందు ఏ పార్టీ అని కూడా అడగరు.

మహాశివరాత్రికి కోటప్పకొండ. చుట్టుపక్కల ఊళ్లు పోటీపడి కట్టుకొచ్చే విద్యుత్ ప్రభలు చూసినవాళ్లకు ఏ ఈఫిల్ టవరూ కొత్తగా అనిపించదు. ఆ రాత్రి మాత్రం నిద్ర గురించి అడగొద్దు, మైకులు ఒప్పుకోవు. దుర్గిలో రాతిశిల్పులు పనిచేసే చోట్లకు వెళ్లండి. సున్నమూ సిమెంటూ కాకుండా మా వైపు రాయి బొమ్మగా మారేది అక్కడే. వానలు పడ్డాక ఎత్తిపోతలకు వెళ్లండి. చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. కింద నీళ్లు చూసి ఈత కొడదామనిపిస్తే, పక్కనే మొసళ్ల పెంపకం ఉందని గుర్తు చేసుకోండి.

రెంటచింతలను కూడా జాబితాలో పెట్టాను, ధైర్యవంతుల కోసం. రాష్ట్రంలో ఎండ ఎక్కువ ఎక్కడని వేసవిలో వార్తల్లో వినపడే మొదటి పేర్లలో అదొకటి. ఫ్రాన్సులో వేడి 40 డిగ్రీలు ముట్టుకుంటే దేశమంతా హెచ్చరికలు. రెంటచింతలలో ఆ రోజు, 'ఇయ్యాళ కాస్త చల్లగా ఉంది' అని పెద్దవాళ్లు అరుగుమీదికొస్తారు. మేలో వెళితే ఊరి అందం మీకు కనపడకపోవచ్చు. కళ్లు తెరవనివ్వదు.

తీర్పు చెప్పమంటే చెబుతాను. పల్నాట్లో చూడదగ్గ ఊళ్లకు కొదవ లేదు. కరువల్లా ఊళ్లో అద్దెకు దొరికే శుభ్రమైన గదికి, లోపల గడియ పడే స్నానాలగదికి. తెలుగు పల్లెకు ఇది చేతకాని పని కాదు. తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి 2021లోనే ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాకెక్కింది, అదీ మగ్గాన్ని నమ్ముకుని. కారంపూడిలో, దుర్గిలో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒక్కో గది సర్ది, రేటు రాసి తలుపుకు అంటిస్తే చాలు, బంధువులు లేని బాటసారికి కూడా పల్నాడు దక్కుతుంది. మిగిలిన నాలుగు రాతిమిద్దెలనైనా పడగొట్టకుండా ఉంచితే, అడిగినంత అద్దె ఇచ్చేవాళ్లు వస్తారు.

అప్పటిదాకా వెళ్లేవాళ్లకు ఒక మాట. గది దొరకలేదని వెనక్కి తిరగకండి. రచ్చబండ దగ్గర ఆగి, 'మీదే ఊరు?' అని ఎవరో ఒకరు అడిగేదాకా నిలబడండి. మూడో ప్రశ్నకల్లా ఏదో చుట్టరికం తేలుతుంది, నాలుగో ప్రశ్నకు కంచం పెడతారు. లాడ్జీ మాట మాత్రం ఎత్తకండి.