వరాహ ప్రవర

సింగపూరు ప్రభుత్వమువారు 1984లో రెండు ఘనకార్యములకు ఒక్కసారిగా పూనుకొనిరి. పంది పెంపకము వలన నీరు కలుషితమగుచున్నదనియు, ఇంత చిన్న దీవిలో పందికి ఇచ్చెడు నేలను మరియొక పనికి ఇచ్చిన లాభమనియు యోచించి, పుంగోల్ ప్రాంతపు పందులను క్రమముగా సాగనంప నిశ్చయించుట మొదటిది. చదువుకొనిన స్త్రీలు తగినంత మందిని కనక దేశపు తెలివికి తరుగు తెచ్చుచున్నారని బెంగగొని, మూడవ బిడ్డను కనిన పట్టభద్ర మాతల సంతానమునకు బడి ప్రవేశములందు అగ్రతాంబూలమును, ఒకరిద్దరితో ఆగి సంతాన నిరోధ శస్త్రచికిత్సకు ఒడబడిన చదువు తక్కువ పేద తల్లికి 10,000 డాలర్లను ప్రకటించుట రెండవది. జాతి పరిష్కారమన్నది దొడ్డి మారినదేగాని మానలేదన్నమాట! అవివాహిత పట్టభద్రులను జతగూర్చుటకు ఆ యేటనే ఒక ప్రభుత్వ విభాగము వెలసి, ఓడ విహారములను సైతము నడపెను.

బుద్ధిలో నూటికి ఎనుబది పాళ్ళు పుట్టుకతో వచ్చునని ప్రధాని లీ క్వాన్ యూ 1983లో సెలవిచ్చియుండిరి. పంది శాస్త్రజ్ఞునికి అంత ధైర్యము చాలదు. వీపు క్రొవ్వు మందమున వంశపు పాలు నూటికి నలుబది దాక ఉండవచ్చునని ఒప్పుకొనును గాని, ఈతకు ఎన్ని పిల్లలని అడిగినచో పదింటికి మించి జన్యువుల మీద మోపడు. తక్కినదంతయు మేత, కొట్టము, ఎండ, బెదురు, కాపరి చేతి మెత్తదనము. ఈనుటకు ముందు దినమున ఆడపంది గడ్డిని, రెమ్మలను నోట కరచి తెచ్చి గూడు కట్టును. ఇనుప చట్రములో బిగించి గడ్డి దక్కనీయకున్నచో, ఉత్త గచ్చునే ముట్టెతో కుమ్మి, గిట్టలతో గీరి, వ్యాకులపడును, ప్రసవము జాగగును. ఇక సింగపూరులోని జురాంగ్ వెస్ట్ యువదంపతులో, ప్రభుత్వ గృహమునకు దరఖాస్తు పెట్టి తాళము చెవి కొరకు ఏండ్ల తరబడి కాచుకొనువారు. పంది 114 దినములలో పని ముగించుకొనును.

పందికేమి తెలియును పన్నీటి వాసన అని మనవారి ఎత్తిపొడుపు. మగపంది నోటి నురుగులోని ఆండ్రోస్టెనోన్ వాసన సోకినంతనే ఎదకు వచ్చిన ఆడపంది చెవులు నిక్కించి కొయ్యబారి నిలుచును. ఆ వాసననే సీసాలకెత్తి రైతులకు అమ్ముచున్నారు. ఓడ విహారములలో దీనిని చల్లిన దాఖలా లేదు.

తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు రూపొందించిన సంకరజాతి పందిలో 75 పాళ్ళు లార్జ్ వైట్ యార్క్‌షైర్ దొరతనము, 25 పాళ్ళు నాటు రక్తము. ఊరపందికి నాలుగవ వంతు గౌరవమైనను దక్కినది. పట్టభద్ర పథకమున పామర మాతకు అదియును లేదు. దగ్గరి రక్తము కలిసినచో ఈత తగ్గునని పశువుల వైద్యుడు హెచ్చరించును. మనమో, సగోత్రమనగానే చెవులు మూసికొని, మేనమామను తెచ్చి పీటల మీద కూర్చుండబెట్టుదుము.

ఆ పట్టభద్ర మాతల పథకము జనాగ్రహమునకు తాళలేక 1985లోనే రద్దయ్యెను. స్థోమత కలవారు ముగ్గురిని కనుడని 1987లో విన్నపము, 2001 నుండి శిశు బహుమానము. ఇంత చేసినను 2023లో స్త్రీకి సగటు సంతానము 0.97. పందులకు మాత్రము లోటు రాలేదు. అవి ఇండోనేషియాలోని పులావ్ బులాన్ నుండి ఓడ విహారము చేసియే జురాంగు కబేళాకు వచ్చుచుండెను. 2023లో ఆఫ్రికా పందిజ్వరము పట్టువరకు ఆ ప్రయాణము నిరాటంకముగ సాగినది.

జురాంగ్ వెస్ట్‌లోని బూన్ లే అంగడిలో ఎఱ్ఱదీపము క్రింద కొక్కెములకు వ్రేలాడు ప్రక్కటెముకలను చూచుచు, మా అంతస్తు మామయ్యగారికి ఈ పదిపాళ్ళ, ఎనుబదిపాళ్ళ లెక్కలన్నియు విప్పి చెప్పితిని. కుమారునికి సంబంధము వెదకుచున్న ఆ పెద్దమనిషి కూరల సంచి చేయి మార్చుకొని, సాంతము శ్రద్ధగా వినెను.

"అంతా బాగానే ఉంది గాని నాయనా, ఆ నెల్లూరు పిల్ల మాస్టర్సేనా చేసింది, పీహెచ్‌డీ కూడానా?"