నలభై హెచ్‌పీ మోటారు ఆత్మకథ

మాచర్లకు అవతల, కృష్ణ ఒడ్డున విజయపురి సౌత్ రేవులో ఓ చిన్న ఫైబర్ బోటు వెనక వేలాడే అవుట్‌బోర్డు మోటారు తన కథ తానే చెప్పుకుంటోంది. దాని నెత్తిన 40 అనే అంకె ఉంది. ఎక్కినవాళ్లంతా ముందు దాన్నే చూస్తారు. మోటారు మాత్రం ఆ అంకె గురించి మొదటే ఒక మాట చెప్పాలంటుంది. నిమిషానికి 5,500 చుట్లు తిరిగినప్పుడే అది నలభై హెచ్‌పీ మోటారు. తిప్పే బలం అంతే ఉండి, చుట్లు 4,600 దగ్గర ఆగిపోతే చేతికొచ్చేది 33 హెచ్‌పీయే. మిగతా ఏడింటికీ డబ్బు కట్టినా అవి నీళ్లను చేరవు.

వంశం పాతదే. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు బలం ఒకటిన్నర హెచ్‌పీ.

ఈ మోటారు బతుకు మాత్రం నాగార్జునసాగర్ నీళ్ల మీదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయను ముంచేసింది. అంతకుముందు తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని లోయలోని ఓ కొండమీదికీ, ఒడ్డునున్న అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు నాగార్జునకొండ ద్వీపం. యాత్రికుల లాంచీలు అటు వెళ్తాయి. వాటికి కడుపులో పెద్ద డీజిల్ ఇంజిన్లు. వాటి పక్కన ఈ మోటారు చాలా చిన్నది. దాని మంచిచెడ్డలన్నీ కింద నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ మూడు రెక్కల మీదే ఆధారపడ్డాయి.

మొదట బిగించిన ప్రొపెల్లర్ పిచ్ 13 అంగుళాలు. నీరు జారకుండా ఉంటే ఒక్క చుట్టుకు పడవ ఎంత ముందుకు పోతుందో ఆ దూరమే పిచ్. గేరు చుట్లను సగానికి తగ్గిస్తుంది కాబట్టి మోటారు 5,500 తిరిగితే ప్రొపెల్లర్ 2,750 తిరుగుతుంది. ఆ లెక్కన గంటకు 54 కిలోమీటర్లు పోవాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ నీరు జారుతుంది, పడవలో జనం ఉంటారు. ఆరుగురు ఎక్కి, సామాను పెట్టుకున్నాక చుట్లు 4,600 దాటేవి కావు. ముక్కు పైకి లేచేది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయేది. టాప్ గేరులో ఘాటు రోడ్డు ఎక్కుతున్న లారీలాగా మూలిగేది.

"మోటారు లాగట్లేదన్నా, బోరు చేయిద్దామా?" అని పడవ కుర్రాడు అడిగాడు. మెకానిక్ చుట్ల మీటరు చూసి, "ఇంజిన్‌కి రోగం లేదురా, రెక్కలు బరువైనాయి," అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మోటారుకి కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. తక్కువ చుట్ల దగ్గర ఫుల్ థ్రాటిల్ ఇచ్చి పీడిస్తే వేడి పెరుగుతుంది, మసి పేరుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. చాలా మోటార్లకు తొందరగా చావొచ్చేది ఇలాగే.

దానికి తోడు పల్నాడు ఎండ. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా ఎరుగుదురు. 45 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలికంటే దాదాపు ఆరు శాతం పల్చన. సిలిండర్లోకి వెళ్లే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గి, బలం కూడా కొంత పోతుంది. శీతాకాలంలో సరిపోయిన ప్రొపెల్లరే మే నెలలో బరువవుతుంది.

మెకానిక్ 10 అంగుళాల పిచ్ ఉన్నది బిగించాడు. అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయన్నది పడవవాళ్ల లెక్క. అదే జరిగింది. అదే బరువుతో చుట్లు అయిదువేలు దాటాయి, ముక్కు దిగింది, పడవ నీటిమీదికి లేచి పరుగందుకుంది. పిచ్ తగ్గితే వేగం తగ్గాలి కదా అని కుర్రాడు ఆశ్చర్యపోయాడు. అందని 54 కంటే అందే 35 నయం. అయితే పిచ్ మరీ తగ్గించినా ముప్పే. ఒక్కడే ఎక్కినప్పుడు చుట్లు 6,000 హద్దు దాటిపోతాయి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేనంటుంది మోటారు. ప్రొపెల్లర్ అడిగే బలం చుట్లతో సమంగా పెరగదు, దాదాపు ఘనంగా పెరుగుతుంది. 5,500 దగ్గర నలభై మింగే రెక్కలకు 2,750 దగ్గర అయిదు హెచ్‌పీ చాలు. నిదానంగా వెళ్తే పెట్రోలు ఎంత మిగులుతుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. కోస్తాలో వలల బరువుతో నెమ్మదిగా పోయే పడవలకు తక్కువ చుట్ల చిన్న డీజిల్ ఇంజిన్లు చాలడానికీ కారణం ఇదే.

ఎండాకాలం నీరు తగ్గినప్పుడు లోయ రాళ్లు పైకి వస్తాయి. ఓ రెక్క అంచు వంగితే చాలు, నీరు పట్టు తప్పుతుంది, చుట్లు పెరిగినా పడవ కదలదు. అందుకే ఇప్పుడు సీటు కింద పెట్టెలో ఇంకో ప్రొపెల్లర్, పిన్ను, స్పానరు ఉంటాయి. సీజను మొదట్లో కుర్రాడు పడవనిండా మనుషుల్ని ఎక్కించుకుని, తిన్నగా పోయే చోట ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, మీటరు ఎక్కడ ఆగిందో నోటు పుస్తకంలో రాసుకుంటాడు. అయిదువేలకు తక్కువైతే రేవుకొచ్చి రెక్కలు మారుస్తాడు.