అనాసపండు చెప్పినా వినలేదు

నేను మందు తాగను. గొప్ప కోసం చెప్పడం లేదు. నా తెలివితక్కువతనం ఎంత లోతో మీకు తెలియాలని చెబుతున్నాను. వోడ్కా రుచే తెలియని మనిషి, పాతికమందికి వోడ్కా జెల్లీలు చేసిపెడతానని వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు చెయ్యెత్తింది.

అంతకు ముందు ఏడాది మా పక్కింటి అమెరికన్ ఆవిడ హాలోవీన్ పార్టీకి పిలిచింది. చిట్టి ప్లాస్టిక్ కప్పుల్లో ఎర్రగా, ఆకుపచ్చగా వణుకుతున్న జెల్లీలు. వాటి పేరు జెల్లో షాట్లట. జనం ఒకటి గుటుక్కుమనిపించి ఇంకోదానికి చెయ్యి చాపుతున్నారు. అందరూ ఆవిడ చుట్టూనే. మనవాళ్ళ పార్టీ అంటే మిర్చిబజ్జీ, బిర్యానీ, గుంపు ఫొటో. ఈ ముద్ర చెరిపేయాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. ఎవరు చెరపమన్నారని అడక్కండి.

2024లో దీపావళీ హాలోవీనూ ఒక్కరోజే వచ్చిపడ్డాయి, అక్టోబరు 31 గురువారం. మా న్యూజెర్సీ వీధిలో పిల్లలు దయ్యాల వేషాల్లో చాక్లెట్లు అడుక్కొచ్చి, అవే వేషాల్లో కాకరపువ్వొత్తులు కాల్చారు. పెద్దవాళ్ళ దయ్యాల పండగ నవంబరు 2, శనివారానికి జరిపాం. అది కార్తీకమాసం మొదటి రోజని రెండు రోజుల ముందు దాకా ఎవరూ చూసుకోలేదు. చూసుకున్నాక గ్రూపులో కలకలం. సగంమంది మాంసం మానేస్తారు. మందు సంగతి మాత్రం ఏ మొక్కులోనూ లేనట్టుంది, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. నేను వెంటనే చికెన్ వింగ్స్ ఆర్డరు రద్దు చేసి, మెనూ మొత్తం శాకాహారం చేసి, అందరి చేతా దండాల బొమ్మలు పెట్టించుకున్నాను.

అసలు పని ఉప్మా కంటే తేలిక. 85 గ్రాముల జెల్లీ పొడి ప్యాకెట్టు, కప్పు మరిగే నీళ్ళలో కరిగించాలి. అరకప్పు చన్నీళ్ళు, అరకప్పు వోడ్కా కలిపి, కప్పుల్లో పోసి, నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. నాకది మరీ తేలికగా తోచింది. అందుకని అనాసపండు చేర్చాను. తాజా పండు తరిగి, మిక్సీలో వేసి, వడగట్టి, చన్నీళ్ళకు బదులు ఆ రసం పోశాను.

నాలుగు గంటలయ్యాక చూస్తే పానకం. ఎనిమిది గంటలకూ పానకమే. తెల్లారి కూడా అంతే.

తాజా అనాస వాడొద్దని డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చిన్న అక్షరాలు చదవడానికి కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు పెట్టుకోవడానికి వయసు ఒప్పుకోవాలి. ఫోనులో వెతికాను. అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుందట, ప్రొటీన్‌ని ముక్కలు ముక్కలు చేస్తుందట. బొప్పాయి, కివీలదీ అదే వరస. టిన్ను అనాసకు భయం లేదు, వేడి చేసినప్పుడే ఎంజైము చచ్చిపోతుంది. "ఓహో! మా అమ్మ వేటమాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేసేది ఇందుకేనన్నమాట," అని మా ఆయనకు గరిట ఊపుతూ పాఠం చెప్పాను కూడా.

బొప్పాయి కరిగించేది మాంసాన్ని. అనాస కరిగించింది జెల్లీని. మరి జెల్లీ ఏమిటి? ఏడో తరగతి పిల్లాడైనా అడిగే ప్రశ్న. నాకు తట్టలేదు. నేను టిన్ను కొనడానికి బయల్దేరాను.

రెండో విడతలో పొడి కరగకముందే వోడ్కా కూడా గిన్నెలో పోసి గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఆల్కహాలు 78 దగ్గరే మరుగుతుంది, ఆ ఆవిరికి మంట తగిలితే భగ్గుమంటుంది. వాసనకు మా ఆయన పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఈ ఘట్టం గురించి ఇంతకంటే చెప్పను.

మూడో విడత మాత్రం అదిరింది. పురుగులు చేశాను. మెడ వంగే స్ట్రాలు వంద తెచ్చి, మెడలు సాగదీసి, రబ్బరు బ్యాండు వేసి, పొడుగు సీసాలో నిలబెట్టాలి. కోరిందపండు రుచి జెల్లీలో కాస్త క్రీమూ నాలుగు చుక్కల ఆకుపచ్చ రంగూ కలిపితే బురదలో బతికే దాని రంగొస్తుంది. గోరువెచ్చగా ఉండగానే స్ట్రాల మీద పోయాలి. గట్టిపడ్డాక ఒక్కో స్ట్రాను వేణ్ణీళ్ళ కింద క్షణం పట్టి, ఒక కొస నుంచి వేళ్ళతో నొక్కితే, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు పురుగు జారి పళ్ళెంలో పడుతుంది, స్ట్రా మెడ దగ్గరి మడతలన్నీ ఒంటి మీద అచ్చేసుకుని. ఓరియో బిస్కెట్లు పొడి కొట్టి మట్టిగా పరిచి అందులో పొర్లించాను. నా చేతులతో నేనే చేసుకున్నా ముట్టుకోబుద్ధి కాలేదు, అంత బాగా కుదిరాయి.

పురుగులు గట్టిగా నిలబడాలంటే రుచీ రంగూ లేని వట్టి జెలటిన్ పొడి ఇంకొంత కలపాలి. అది వేణ్ణీళ్ళలో పడగానే సన్నగా ఒక వాసన వచ్చింది. నీచు వాసన. ఆ మాటే అనుకున్నాను మనసులో, 'ఏమిటీ నీచు వాసన' అని. వోడ్కా ఇలాగే ఉంటుంది కాబోలని సర్దుకున్నాను. మన ఊళ్ళో ఏ ప్యాకెట్టు తిప్పినా ఆకుపచ్చ చుక్కో గోధుమరంగు గుర్తో చెప్పేసేది. ఈ దేశంలో చుక్క లేదు. చుక్క లేకపోతే బుర్ర వాడాలి.

శనివారం రాత్రి హాలు చీకటి చేసి నల్లదీపం, అదే బ్లాక్ లైటు, వెలిగించాం. టానిక్ వాటర్‌తో చేసిన జెల్లీలు ఆ వెలుగులో నీలంగా మెరిశాయి. ఒకప్పుడు మలేరియాకు మందైన క్వినైన్ అందులో ఉంటుంది, ఆ మెరుపు దానిదే. టిన్ను లిచీల బొడ్డులో బ్లూబెర్రీ కూరి చేసిన కనుగుడ్లు ఒలిచిన తాటిముంజల్లా తేలుతున్నాయి. పిల్లలందరినీ పిజ్జా ఇచ్చి కింద బేస్‌మెంటులో ఉంచి, జెల్లీ అన్నదే వాళ్ళ కంట పడనివ్వలేదు. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మా స్నేహితుల్లో ఒకాయన పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. మందుకు మాత్రం పట్టింపు లేదు. ఆ రాత్రి డ్రాక్యులా వేషంలో వచ్చారు. నోటి కొసన ఎర్రరంగు, వీపున నల్ల దుప్పటి. పురుగుల పళ్ళెం ముందు ఆగి, కోరలు తీసి జేబులో పెట్టుకుని, "వదినా, ఇందులో గుడ్డు గట్రా లేదు కదా?" అన్నారు.

"కార్తీకంలో గుడ్డేమిటి అన్నయ్యగారూ! శుద్ధ శాకాహారం. ఉల్లిపాయ కూడా తగల్లేదు."

ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "అబ్బ, నాలిక మీద పెడితే కరిగిపోతోంది వదినా." తొమ్మిది తిన్నారు. ఎందుకు లెక్కపెట్టానంటే, మురిసిపోతూ లెక్కపెట్టాను.

అప్పుడే పక్కింటావిడ నా పక్కన చేరి మెచ్చుకోలుగా అడిగింది, మీవాళ్ళలో చాలామంది మాంసం తినరు కదా, శాకాహార జెలటిన్ ఎక్కడ సంపాదించావు, మా అమ్మాయి కూడా వెతుకుతోంది, అని. శాకాహార జెలటిన్ ఏమిటన్నాను. ఆవిడ మొహం మారింది. మెల్లిగా చెప్పింది. పంది చర్మం, పశువుల తోళ్ళు, ఎముకలు, వీటిలోంచి తీసిందే జెలటిన్.

వంటింట్లోకి వెళ్ళి చెత్తబుట్టలోంచి డబ్బా తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మెనూలో ఉన్న ఒకే ఒక్క మాంసం పదార్థాన్ని బల్ల మధ్య దీపం కింద పెట్టి, దానికే శాకాహారమని సాక్ష్యం పలికాను. వెనక్కి వచ్చి, "మందు ఎక్కువైంది, ఇక చాలు," అని పళ్ళేలన్నీ లాగేశాను. డ్రాక్యులాగారి చేతిలో పదోది ఉంది. అది కూడా లాక్కోవాలనిపించింది. లాక్కుంటే కారణం చెప్పాలి. "వదిన పిసినారిదైపోయింది," అని అందరూ నవ్వుతుంటే ఆయన దాన్ని కూడా మింగేశారు.

ఆ రాత్రి చెప్పలేదు. ఆ తరవాతా చెప్పలేదు. నిద్రపట్టక నా తరఫు వాదనలన్నీ పోగేసుకున్నాను. ఆయన వేసుకునే మందు గుళికల తొడుగు చాలావరకు జెలటినే. వాళ్ళ పిల్లలు సంచీ నిండా తెచ్చుకున్న గమ్మీ బేర్లలో, మార్ష్‌మాలోల్లో ఉన్నదీ అదే. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికన్ బార్‌టెండర్ తన పుస్తకంలో పంచ్ జెల్లీ గురించి రాస్తూ, ఇందులో మందు ఉన్నట్టే తెలియదు, ఆడవాళ్ళు ఎక్కువ తినేసి నాట్యానికి పనికిరాకుండా పోతున్నారని హెచ్చరించాడు. మందు దాక్కుంటుందని చెప్పాడు గానీ, పంది దాక్కుంటుందని చెప్పినవాడు నాకు దొరకలేదు. తెల్లవారుజామున మా ఆయనకు చెప్పేశాను. "చెబితే ఆయన బాధపడతాడు, చెప్పకపోతే నువ్వు బాధపడతావు. నువ్వే పడు," అని అటు తిరిగి పడుకున్నాడు.

2025లో హాలోవీన్ నాటికి కార్తీకం వచ్చి పది రోజులు. ఈసారి చైనాగ్రాస్‌తో చేశాను, అంటే సముద్రపు నాచులోంచి తీసే అగర్ అగర్. దాన్ని నీళ్ళలో బాగా మరిగించాలి, దించాక వోడ్కా పోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వోడ్కా పోస్తే అక్కడికక్కడే గడ్డలు కడుతుంది. కట్టింది, మళ్ళీ చేశాను. పురుగులు వచ్చాయి, నిగనిగలాడుతూ. డ్రాక్యులాగారు గుడ్డు సంగతి అడగను కూడా అడగలేదు. నా మీద అంత నమ్మకం. ఒకటి కొరికి, నెమ్మదిగా నమిలారు.

"ఏమనుకోకండి వదినా, పోయినేడు చేసినంత బాగా లేవు. అవి నోట్లో వేస్తే కరిగిపోయేవి. ఇవేమిటి, పుటుక్కున తెగుతున్నాయి. ఏం మార్చారు?"

జెలటిన్ మన ఒంటి వేడికే కరుగుతుంది. అగర్ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. ఇది తెలిసి కూడా, "చెయ్యి కుదరలేదు అన్నయ్యగారూ," అన్నాను.

వాళ్ళావిడ పక్కనే ఉంది. "అక్కా, ఆ పాత కొలతలు నాకు పంపించు. పౌర్ణమికి వోడ్కా లేకుండా చేస్తాను. ఉపవాసం విడిచాక ఈయనకి పెట్టొచ్చు."

పౌర్ణమి బుధవారం. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం నుంచి మూడు మెసేజీలు పెట్టింది. నాలుగోది ఇప్పుడే వచ్చింది, చేతులు జోడించిన బొమ్మతో.