దాచేపల్లిలో కార్డులు దాచుకొనే విధానం

కార్డుల సేకరణలో మొదటి నియమం: దేనిమీద మనసు పడ్డామో దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఒక్క మాట ఒంటబట్టిందంటే మీకు ఇంకెవరూ ఏమీ నేర్పనక్కర్లేదు, పేజీ తిప్పేయొచ్చు. కానీ మన పల్నాడు వాళ్ళకి ఇది అంత తేలిగ్గా ఒంటబట్టే విద్య కాదు. వస్తువంటే చేతిలోకి తీసుకోవాలి, గోటితో గీకి చూడాలి, పక్కవాడికి చూపించి, వాడడిగితే ఇవ్వనని చెప్పాలి. అందుకని కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది.

అట్టముక్కలు దాచుకోవడం దేనికని అడిగే పెద్దలకి ముందు ఈ సంగతి చెప్పి నోరు మూయించండి. 2022 ఆగస్టులో అమెరికాలో మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకి పోయింది. అప్పటి మారకం ప్రకారం మన డబ్బుల్లో సుమారు 100 కోట్లు. 1952లో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ గమ్‌తోపాటు ఊరికే ఇచ్చిన అట్ట అది. అరచేతిలో ఇమిడిపోతుంది. 100 కోట్లకి దాచేపల్లిలో ఏమేం వస్తాయో నేను లెక్క కట్టను. నాగులేరుకి ఇవతల ఒక రేటు, అవతల ఒక రేటు.

సరే, మొదలుపెట్టడానికి ఏం కావాలి? ఇంట్లో సిగరెట్లు తాగే పెద్దమనిషి ఒకరు కావాలి. వెటకారం కాదు, ఈ సరదా పుట్టిందే అక్కడ. 1880ల్లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్ అనే ఊళ్ళో అలెన్ అండ్ గింటర్ అనే సిగరెట్ కంపెనీ ఉండేది. పెట్టె నలక్కుండా లోపల గట్టి అట్టముక్క పెట్టేవాళ్ళు. ఉత్త అట్ట ఎందుకని దానిమీద బొమ్మ అచ్చేశారు. 1887 నాటి వాళ్ళ వరసలో బాక్సర్ల పక్కన బేస్‌బాల్ ఆటగాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో 50 మంది క్రికెటర్ల బొమ్మలు వేసింది. సరిగ్గా నూరేళ్ళకి, 1996లో, మన దేశంలోనూ పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ జరిగిన ప్రపంచకప్పుకి అదే విల్స్ పేరు పెట్టారు.

ఆ వర్జీనియా పేరున్న పొగాకే గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాల్లోకి వచ్చింది. పొగాకు బోర్డు కూడా 1976లో గుంటూరులోనే పెట్టారు. ఆకు నాటింది మనం, కొట్టింది మనం, బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు కాపలా ఉండి కాల్చింది మనం. కార్డు ఒక్కటే మా చేతికి రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో కాగితానికి కరువొచ్చి, ఇంగ్లండు కంపెనీలు 1940లో కార్డులు పెట్టడం మానేశాయి. మా కాలానికి సిగరెట్ పెట్టెలో సిగరెట్లే ఉండేవి.

కార్డు లేకపోతేనేం, పెట్టెనే కార్డు చేశాం. ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవండి, ఈ పనితనం తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. దొరికిన ఖాళీ పెట్టెని ముందు మడతలు విప్పాలి. లోపలి వెండి కాగితం చిరక్కుండా తీసి, గోటితో నునుపు చేసి చెల్లెలికివ్వాలి, లేకపోతే ఇంట్లో చెప్పేస్తుంది. పెట్టె ముందు బొమ్మ, వెనక బొమ్మ అంచులవెంట చించితే రెండు బచ్చాలు. నేలమీద గిరి గీసి, అందరి బచ్చాలూ మధ్యలో దొంతి పెట్టి, దూరంగా గీత దగ్గర నిలబడి నాపరాయి ముక్కతో కొట్టాలి. గిరి దాటి పడ్డవన్నీ కొట్టినవాడివే. మన వైపు నాపరాయికి కరువేముంది! బల్లపరుపుగా, చేతికి సరిపోయేట్టు, నేలను రాసుకుంటూ పోయే ముక్క ఏరుకోవడమే సగం ఆట. మంచి ముక్క దొరికినవాడు దాన్ని రాత్రి దిండు కింద పెట్టుకునేవాడు. బచ్చాలు పోతే మళ్ళీ వస్తాయి, ముక్క పోతే రాదు.

విలువలు ఎవరు కట్టారో తెలియదు గాని ఊరంతటికీ ఒకటే లెక్క. చార్మినార్ అన్నిటికంటే చవక, ఎందుకంటే ఏ అరుగు కింద చూసినా అదే. సిజర్స్, బర్క్‌లీ దానికి పైన. హైదరాబాదు రోడ్డుమీద ఏ కారులోంచో ఎవరో విసిరేసిన 555 పెట్టె దొరికిందా, ఆ సాయంత్రానికి వాడే మోతుబరి. అమెరికాలో 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లు పలికింది, ప్రపంచం మొత్తమ్మీద బహు కొద్ది మాత్రమే ఉన్నాయి గనక. సూత్రం అదే. మావాళ్ళు దాన్ని నిక్కరు వయసులోనే కనిపెట్టారు గాని, వేలం పెట్టేవాడు దొరకలేదు.

ఇందులో ఆధునిక సేకరణదారుకి ఘోరమైన తప్పులు కనబడాలి. కనబడకపోతే మళ్ళీ చదవండి. అంచులు చేత్తో చించాం, దుమ్ములో పెట్టాం, పైగా రాయిపెట్టి కొట్టాం.

తరవాత బిగ్‌ఫన్ బబుల్‌గమ్ రోజులొచ్చాయి. గమ్‌తోపాటు చిన్న కాగితం మీద క్రికెటర్ బొమ్మ, పక్కన ఇన్ని రన్లనో, వికెట్టనో రాసుండేది. కావలసినన్ని కూడబెట్టి కొట్టులో ఇస్తే ఒక బుల్లి పుస్తకం. బొటనవేలితో పేజీలు బర్రున వదిలితే అందులో ఆటగాడు కదిలేవాడు. టీవీ చూడాలంటే పక్క వీధికి పోయి, వాళ్ళింట్లో నీళ్ళు మోసిపెట్టాల్సిన రోజుల్లో, క్రికెట్ మన జేబులో ఉండటం చిన్న విషయం కాదు.

"బాబాయ్, కపిల్‌దేవ్ ఉన్నదియ్యి."

"లోపలేముందో నాకేం తెలుసురా? చుట్టేసి పంపుతారు."

"ఎత్తి చూడు బాబాయ్, బరువుంటది."

ఇప్పటి పద్ధతి ప్రకారం ఆ కుర్రాడు చేయాల్సింది వేరు. కాగితం విప్పకూడదు. గమ్ తినకూడదు. అమెరికాలో టాప్స్ వాళ్ళు 1990ల మొదట్లో ప్యాకెట్లోంచి గమ్ తీసేశారు, కార్డుకి మరక పడుతోందని జనం గోలపెడితే. గమ్ కోసం కార్డు పెట్టిన కంపెనీ, కార్డు కోసం గమ్ మానేసింది. ఇంకా పై చదువు చదివినవాళ్ళు ప్యాకెట్టే తెరవరు. పాత ప్యాకెట్టు సీలుతో ఉంటే దాని రేటు దానిదే. తెరిస్తే లోపల ఎవరున్నారో తెలిసిపోయి పడిపోవచ్చు. మరికొందరు డబ్బులు కట్టి, ఎక్కడో కూర్చున్న మనిషి తమ తరఫున ప్యాకెట్లు తెరుస్తుంటే ఫోన్లో చూస్తారు. మేం పక్కవాడు విప్పుతుంటే ఉచితంగా చూసేవాళ్ళం. వాడు సగం గమ్ కొరికి పెట్టేవాడు కూడా.

1999 ప్రపంచకప్పుకి బ్రిటానియా వాళ్ళు బిస్కెట్ రేపర్లమీద రన్లు వేశారు. 100 రన్లు చేస్తే ఒక పుస్తకం, అదృష్టముంటే ఇంగ్లండు ప్రయాణం. అంతకుముందు మన ఇళ్ళల్లో బిస్కెట్లు జ్వరమొస్తేనే కొనేవాళ్ళు. ఆ ఎండాకాలం ఒళ్ళు చల్లగా ఉన్నవాళ్ళకి కూడా పెట్టారు. అదే సంవత్సరం మన గుంటూరు వాడు ఎమ్మెస్కే ప్రసాద్ టెస్టుల్లోకి వచ్చాడు. ఆయన బొమ్మ పేపర్లోంచి కత్తిరించి, అన్నం మెతుకులతో నోటుబుక్కులో అంటించాం. ఇది అసలు చేయకూడని పని. చీమలు పడతాయి, గ్రేడు పోతుంది.

గ్రేడు దగ్గరికి వస్తాను గాని, ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల సంగతి చెప్పకపోతే పల్నాడు కుర్రాళ్ళు నన్ను క్షమించరు. ఒక్కో కార్డుమీద ఒక్కో మల్లుడు. కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. సమానంగా పంచుకుని, పైనున్న కార్డు చూసి ఒక అంకె పిలవాలి. ఎవరిది మెరుగైతే వాడు రెండో వాడి కార్డు లాగేసుకుంటాడు. యోకోజునా పడ్డవాడు బరువే పిలుస్తాడు, అందులో తెలివేం లేదు. తెలివంతా పనికిమాలిన కార్డు వచ్చినప్పుడే. మొహంలో ఏమీ కనపడనీయకుండా, "ఫైట్స్ ఫాట్" అని తాపీగా అనాలి. ఎదుటివాడు అనుమానంగా చూసి, "ఏందిరా, చెస్టు చెప్పవేం?" అంటాడు. నవ్వావా, పోయింది. ఈ మల్లుల్ని టీవీలో చూసినవాళ్ళు క్లాసుకి ఇద్దరో ముగ్గురో. వాళ్ళ కండ కొలతలు మాత్రం పన్నెండో ఎక్కం రానివాడికి కూడా కంఠతా వచ్చు. సాయంత్రానికి కార్డులకి రబ్బరు బ్యాండు బిగించి నిక్కరు జేబులో తోసేవాళ్ళం. మూలలు గుండ్రంగా అరిగి, బ్యాండు నడుములో గంటు పెట్టి, చెమటకి తడిసి ఉబ్బి, కట్ట మొత్తం పెసరట్టు మందాన అయ్యేది.

ఇప్పుడు గ్రేడు. 1991లో అమెరికాలో పీఎస్ఏ అనే సంస్థ పెట్టారు. మీ కార్డు పంపితే, ఫీజు తీసుకుని, మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ నడిమధ్య ఉందా లేదా చూసి, ఒకటి నుంచి పది దాకా మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపుతారు. ఇలాంటి సంస్థలు ఇంకా ఉన్నాయి. ఆ 100 కోట్ల మాంటిల్ కార్డుకి వాటిలో ఒకటి 9.5 ఇచ్చింది. మిరప కల్లాలు చూసిన మనకి ఇది కొత్త కాదు. ఎండిన కాయ రాశిపోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరతారు. యార్డులో వ్యాపారి గుప్పెడు తీసి, రంగు చూసి, తొడిమ చూసి, తేమ చూసి, మీ ఏడాది కష్టానికి ఒక్క మాటలో రేటు చెప్తాడు. ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీ. తేడా ఒకటే. మిర్చిని ఎన్నాళ్ళు దాచినా చివరికి ఎవరో ఒకరు పచ్చడి నూరుకుంటారు. కార్డు ఒక కోల్డ్ స్టోరేజీలోంచి ఇంకో కోల్డ్ స్టోరేజీకి పోతూనే ఉంటుంది.

మీ దగ్గరున్న కార్డు రేటు పెరగాలంటే మిగతావాళ్ళ దగ్గరున్నవి పోవాలి. ఇది సేకరణలో అతి ముఖ్యమైన పని, దీన్ని ఎవరూ పైకి చెప్పరు. టాప్స్ ఉద్యోగి సై బర్జర్ 1960 ప్రాంతంలో అమ్ముడుపోని 1952 కార్డులు పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని తానే చెప్పుకున్నాడు. మిగిలినవి అమెరికా తల్లులు చెత్తలో వేశారు. ఆ తల్లులు ఇల్లు ఊడవకపోతే ఇవాళ మాంటిల్‌కి 100 రూపాయలు కూడా రావు. దీనికి సాక్ష్యం కూడా ఉంది: 1980ల చివర్లో కంపెనీలు గుట్టలుగా అచ్చేస్తే, జనం తెలివిమీరి అన్నీ భద్రంగా దాచారు. అందరూ దాచారు గనక వాటిలో చాలావాటికి ఇవాళ్టికీ రేటు లేదు. మనకి సముద్రం దూరం గాని భోగిమంట ఉంది. పాత ఇనప సామాను బండివాడున్నాడు, ఉల్లిపాయలు తూచి ఇచ్చి నోటుబుక్కులు పట్టుకుపోతాడు. కాబట్టి సంక్రాంతి ముందు వీధిలో తిరిగి, "పిన్నీ, అటకమీద చెత్త ఉంటే చెదలు పడతయ్యి" అని చెప్పి రండి. మీ ఇంట్లో మాత్రం అమ్మకి అటక ఎక్కే నిచ్చెన కనపడనీయకండి.

ఇవేవీ మావల్ల కాదనే యువతకి డిజిటల్ కార్డు ఉంది. చెదలు పట్టదు, మరక పడదు, కార్డు కూడా ఉండదు. 2022లో రారియో అనే కంపెనీలో డ్రీమ్ క్యాపిటల్, మరికొందరు కలిసి 12 కోట్ల డాలర్లు పెట్టారు, ఫోన్లో క్రికెటర్ల కార్డులు అమ్మడానికి. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే కేంద్రం ఇలాంటి ఆస్తుల లాభంమీద 30 శాతం పన్ను వేసింది. పోటీ కంపెనీ ఒకటి మా ఆటగాళ్ళ పేర్లు వాడుకుంటోందని రారియో వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. వాదుల్లో మన హైదరాబాదు క్రికెటర్ సిరాజ్ కూడా ఉన్నాడు. పేర్లు, స్కోర్లు లోకమంతటికీ తెలిసినవే, వాటిమీద ఒక్కరికే హక్కంటే కుదరదని 2023 ఏప్రిల్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. చార్మినార్ పెట్టె చించుకోవడానికి మమ్మల్ని ఎవరూ కోర్టుకి లాగలేదు.

ఈమధ్య ఫ్యాన్సీ షాపుల్లో బంగారు రంగు పోకెమాన్ కార్డులు వేలాడుతున్నాయి. చాలావరకు నకిలీవే. గ్రేడుకి పంపితే నవ్వుతారు. అయినా పిల్లలు స్కూలు గేటు దగ్గర నేలమీద పరుచుకుని, కొట్లాడుకుని, మార్చుకుని, వారంలోగా మూలలు అరగదీస్తున్నారు. వాళ్ళని చూసి మీరేమీ నేర్చుకోకండి, పైన చెప్పిన నియమాలన్నీ పాడవుతాయి.

చివరగా ఒక మనవి. నా దగ్గర యోకోజునా కార్డులు రెండున్నాయి, మూలలు లేవు. అండర్‌టేకర్ ఎక్స్‌ట్రా ఉన్నవాళ్ళెవరైనా దాచేపల్లి, నడికూడి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల ఉంటే కబురు పెట్టండి, మార్చుకుందాం. ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవైతే మాత్రం వద్దు, ఆడటానికి కుదరదు.