గుర్రపు దొంగకు ఒక బంగారు ఉడుము

ఆరు నెలలట. 2025 అక్టోబర్ 7, మంగళవారం నాడు, సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ ఇచ్చిన గడువు అది. నడిచేవాడు ఎక్కడ నడవాలో, సైకిలువాడు ఎటు పోవాలో, రోడ్డు ఏ కొలతల్లో ఉండాలో నిబంధనలు రాయండి నాయనా అని. మోటారు వాహనాల చట్టంలో ఆ రాసే అధికారం 2019 సవరణతోనే వచ్చింది. 138(1ఎ) అని ఒకటి, 210డి అని ఇంకొకటి. ఆ ఆరేళ్లూ రాష్ట్రాలకు కలం దొరకలేదు. ఆరు నెలల్లో కలమూ సిరా రెండూ దొరుకుతాయని కోర్టువారి నమ్మకం.

నాకు ఒళ్లు మండింది. కోర్టు మీద కాదు, ఆ లెక్క మీద. ఆరు నెలల్లో కోటలు పడతాయా?

ఫుట్‌పాత్ అంటే నడిచే దారి అని ఢిల్లీలో ఒక అపోహ ఉన్నట్టుంది. అది కోట. నేను గుర్రంకొండవాణ్ణి, కోటను చూస్తే గుర్తుపట్టగలను. మా కొండకు మూడువైపులా నిట్టనిలువు బండ, నాలుగోవైపు గోడ వెనక గోడ. పైన ఒక గుర్రం కాపలా ఉండేదట. అది ఉన్నంతకాలం కోట ఎవరికీ దక్కదట. ఎవడో మరాఠా సర్దారు బండ పట్టుకుని పాక్కుంటూ ఎక్కి, ఆ గుర్రాన్ని కాస్తా తోలుకుపోయాడట. దిగేటప్పుడు దొరికిపోయాడు గానీ మహిమ చెడింది, తర్వాతి ముట్టడిలో కోట పడిపోయింది. తెల్లదొరలు గెజిటీరులోకి కూడా ఎక్కించిన కథ ఇది. చిన్నప్పట్నుంచీ నాకు ఇందులో ఒకటే అనుమానం: వాడు ఎక్కాడు సరే, గుర్రం ఎట్లా దిగింది? ర్యాంపు ఉండిందా?

ఉంటే గనక మా పాలెగాళ్లు మన ఇంజనీర్లకన్నా ముందున్నట్టే.

పోయిన వారం పక్క పట్నానికి వెళ్లాను. పేరు చెప్పను, చెప్పకపోతేనే చదివిన ప్రతివాడూ తన ఊరే అనుకుంటాడు. అక్కడ బజారు పొడవునా కొత్త కోట కట్టారు. ముందు కందకం, అంటే మురుగు కాలువ. దాని మీద నాలుగు పలకలకు ఒకటి లేదు, శత్రువు చీకట్లో వస్తే నేరుగా లోపలికే. తర్వాత ప్రాకారం. జేబులో టేపు ఉంది, కొలిచాను. 16 అంగుళాలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం మాత్రం ఫుట్‌పాత్ గట్టు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దాటకూడదంటుంది. ఆ రాసినవాళ్లకు యుద్ధవిద్య రాదు. ప్రాకారం మీద బురుజు, దానికి పుర్రె బొమ్మ వేసిన ఎర్ర బోర్డు, లోపల గుంయ్‌మంటూ ట్రాన్స్‌ఫార్మర్. బురుజుకూ బురుజుకూ మధ్య జెండాలు: పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు. జెండా ఎవడిదో కోట వాడిది, ఇందులో కొత్తేముంది.

కళ్లు కనిపించని శత్రువు కోసం ప్రత్యేక వ్యూహం పన్నారు. గుబ్బల గుబ్బల పసుపు పలకలు పరిచారు. కర్రతో తడుముకుంటూ వాటి వెంటే పోవాలి. పోతే అవి సరిగ్గా బురుజు దగ్గర ఆగుతాయి. అభిమన్యుడికైనా లోపలికి పోయే దారి తెలుసు.

గుర్రం కూడా ఉంది. బుల్లెట్టు. అడ్డంగా స్టాండు వేసి, హ్యాండిల్‌కు తాళం వేసి, కోట నడిమధ్యన. అది ఉన్నంతకాలం కోట ఎవరికీ దక్కదు.

నేను చూస్తుండగానే ఒక పుంగనూరు ఆవు వచ్చింది. మన నడుమంత ఎత్తుండే ప్రాణి. గట్టు దగ్గర ఆగి, తలెత్తి చూసి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు రోడ్డు మీదికే వెళ్లిపోయింది.

పక్కనే పని చేస్తున్న మేస్త్రీని అడిగాను, ఇంత ఎత్తెందుకని.

“రోడ్డు ఎదుగుతా ఉంది కద సార్. పాత తారు గీకరు, దాని మీదనే కొత్తది పరుస్తారు. మనమూ లేపకుంటే రెండేండ్లకు ఇది గుంతలోకి పోతాది, వాన నీళ్లన్నీ అంగట్లోకే.”

“మరి ముసలోళ్లు ఎట్లెక్కాల?”

“ముసలోళ్లు రోడ్డు మీద పోతారు సార్. మీరూ ఆడనే కద నిలబడి ఉండారు?”

చూసుకున్నాను. నిజమే.

ఇట్లాంటి కోటల మీదికి ఎక్కాలని చూసేవాళ్లను గౌరవించే సంప్రదాయం మనకు లేకపోవడం లోటు. కట్టినవాళ్లకు శిలాఫలకాలున్నాయి. అందుకని మా గుర్రపు దొంగ పేరిట ఒక పురస్కారం నెలకొల్పుతున్నాను. జ్ఞాపికగా బంగారు ఉడుము. నడుముకు తాడు కట్టి ఉడుమును గోడ మీదికి విసిరి మరాఠాలు కోటలెక్కేవారని వింటాం కదా, అందుకు. ఒకసారి పట్టిందంటే తోలు ఊడినా వదలదు. ఈ పనికి కావలసిన అర్హత కూడా అదే.

మొదటి ఉడుము రాజీవ్ రతూరి గారికి. చూపులేని మనిషి. రోడ్లూ రవాణా భవనాలూ తనలాంటివాళ్లకు అందుబాటులో లేవని 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్ 8న కోర్టు చెప్పిందేమిటి? వికలాంగుల చట్టం కింద కేంద్రం రాసిన 15వ నిబంధన సలహా మాత్రమే ఇస్తోంది, సలహాలు చాలవు, తప్పనిసరి చేయండి అని. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంవాళ్లు దేశంలో పరిస్థితి ఎట్లా ఉందో నివేదిక రాసిచ్చారు. 19 ఏళ్లు గోడకు వేలాడితే తేలింది, ఇంతకాలం మన చట్టం ర్యాంపును బతిమాలుకుంటోందని. అప్పుడిచ్చిన గడువు మూడు నెలలు.

రెండో ఉడుము కోయంబత్తూరు ఎముకల డాక్టరు రాజశేఖరన్ గారికి. 2012లో ఆయన వేసిన కేసులోనే 2025 మే 14న ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని తీర్పొచ్చింది, దానికి రెండు నెలల గడువు. మొదట చెప్పిన ఆరు నెలలూ అందులోనే. ఆయన్ను చూస్తే నాకు ఆశ్చర్యం. విరిగినవి అతికిస్తూ కూర్చుంటే ఆయనకు పోయేదేముంది? రోడ్లే రోజూ రోగుల్ని పంపిస్తున్నాయి కదా.

సభ మన పద్ధతిలోనే జరుగుతుంది. వేదికకు తొమ్మిది మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లను నలుగురు వాలంటీర్లు ఎత్తి పైకి చేరుస్తారు. ఫొటో బాగా వస్తుంది.

2015 డిసెంబరు గుర్తుందా? 3వ తేదీన, భవనాలూ రవాణా వికలాంగులకు అందుబాటులోకి తెస్తామంటూ సుగమ్య భారత్ మొదలైంది, నెలాఖరుకు వాళ్లకు ‘దివ్యాంగులు’ అనే మాట వచ్చింది. ఒకటి సిమెంటుతో చేయాల్సిన పని, ఒకటి నోటితో. రెండోది వెంటనే పూర్తయింది. అంగం దివ్యమయ్యాక ఎగిరి వెళ్లొచ్చు కదా, ఇంకా ర్యాంపేమిటి?

ఇక నాకు వెటకారం చేతకావడం లేదు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద నడుస్తూ చచ్చిపోయినవాళ్లు 32 వేలకు పైనే. ఇది ప్రభుత్వం లెక్కే. రోజుకు దాదాపు 90 మంది. పాల ప్యాకెట్టుకు పోయినవాళ్లు, బస్సు దిగినవాళ్లు, బడికి పోతున్నవాళ్లు. వాళ్లెవరూ కోట ముట్టడికి రాలేదు. ఇంటి నుంచి అంగడికి పోవడానికి మనిషి సుప్రీంకోర్టుదాకా ఎందుకు పోవాలి? 16 అంగుళాల గట్టుకు సంతకం పెట్టి బిల్లు పాస్ చేసినవాణ్ణి ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి, నీ తల్లిని తీసుకొచ్చి దీన్ని ఎక్కించు అని అడిగిన దిక్కుందా? 2025లో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలిస్తామన్నారు. వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్లు పట్టుకుని ఆసుపత్రులకు రమ్మన్నారు. దొంగ సర్టిఫికెట్లు ఏరండి, ఎవరొద్దన్నారు. కానీ నడవలేనని నిరూపించుకోవడానికి నడిచి రమ్మంటారా?

ఒక ఆసుపత్రి దగ్గర చూశాను. మెట్ల పక్కన ర్యాంపు ఉంది, దాని మొదట్లో మందుల అట్టపెట్టెలు పేర్చారు. కింద మూడు చక్రాల బండిలో ఒక పెద్దాయన, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. కూతురు కాబోలు, ఇరవై ఏళ్లుంటాయి, చున్నీ నడుముకు బిగించి, వంగి, ఆయన్ను వీపున వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. లోపల ఆయనకు ఎంత శాతం వైకల్యమో లెక్కేస్తారు. 40కి ఒక్కటి తగ్గినా పింఛను లేదు. ఆ మెట్లకు ఎంత శాతమో లెక్కేసే గది ఏ ఆసుపత్రిలోనూ లేదు.

మూడో ఉడుము ఆ పిల్లకివ్వాలి. పేరడుగుదామని నేను వెళ్లేసరికి సగం ఎక్కేసింది. “జరుగు సార్, నాయన జారతా ఉండాడు” అంది.

జరిగాను.