సింగ్‌నగర్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “పడ్డాయి గానీ, పడలేదనుకోవయ్యా!”

అవతారిక: టీక రాయడానికి కోలాచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. మనకు దొరికింది బ్యాంకు మెసేజి. 2025 జూన్‌లో, బడిపిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే ‘తల్లికి వందనం’ సొమ్ము జమవుతున్న రోజులు. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఇద్దరు బడిపిల్లల తల్లి ఒకావిడ ఫోను మోగగానే స్టవ్ సిమ్‌లో పెట్టి చూసుకుంది. ఆటో వీధి మొగలో ఆపి భోజనానికొచ్చిన పెనిమిటి, చెంబు కూడా అందుకోకుండా “పడ్డాయా?” అన్నాడు. అందుకు ఆ ఇల్లాలి జవాబిది.

ప్రతిపదార్థం: పడ్డాయి = ఖాతాలో జమ అయినవి, ఎన్ని అనగా ఇరవై ఆరు వేలు. పాత ‘అమ్మ ఒడి’ పథకంలో తల్లికొక లెక్క, ఇందులో బిడ్డకొక లెక్క, తెలుగు వ్యాకరణంలో లేని ద్వివచనం ఈ ఖాతాలో సిద్ధించింది. బిడ్డకు పదిహేను వేలన్నది పదమూడే ఎందుకైందని శంక. తక్కిన రెండు వేలు బడి నిర్వహణకూ మరుగుదొడ్ల శుభ్రతకూ మినహాయించారని సమాధానం. నాలుగు చక్రాల బండి ఉన్నవారు అనర్హులు కదా అని ఇంకో శంక. ఆటోకు ఉన్నవి మూడే. గానీ = సంసారమంతా ఈ అవ్యయంలోనే ఉంది. పడలేదనుకో = లేవనుకొని మసలుకో. అయ్యా = సంబోధన; మర్యాదకు లోటు లేదు, బేరానికి చోటు లేదు.

పూర్వపక్షాలు: బండి తిరిగితేనే పొయ్యి వెలుగుతుంది కనుక వెనక టైర్లు రెండూ మార్చాలని భర్త మతం. తీసిపారేయదగింది కాదు, టైర్లు నిజంగానే బోడిగుండ్లు. బంగారం కొని పడేస్తే ఎక్కడికీ పోదని అత్తగారి మతం. అప్పటికి పది గ్రాముల మేలిమి లక్ష చుట్టూ ఆడుతోంది. గవర్నర్‌పేట కొట్లన్నీ తిరిగినా ఇరవై ఆరు వేలకు అరకాసు రాదు. మూడో తరగతి చదివే పిల్ల పేర సుకన్య సమృద్ధి కట్టమని, 8.2 శాతం వడ్డీ అని, పోస్టాఫీసులో పనిచేసే మరిది మతం. శాస్త్రసమ్మతమే. కొత్త ఫోను కావాలన్న ఎనిమిదో తరగతి కుర్రవాడి మతాన్ని వ్యాఖ్యాతలెవరూ పట్టించుకోలేదు.

సిద్ధాంతం: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకొచ్చింది. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇరవై ఐదు వేలు ఇచ్చింది. పరుపులు, మిక్సీ, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్ రిపేరు అయ్యేసరికి అవి నిండుకున్నాయి. ఆటో ఇంజను మాత్రం నీళ్లు తాగి అలాగే కూర్చుంది. దాని కోసం తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చారు. నూటికి నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు. ఎనిమిది చిల్లరకు దాచుకుంటూ ముప్పై ఆరుకు కట్టుకుంటూ పోతే ఆ పొదుపు ఎవరికి మిగులుతుందో మరిదికీ తెలుసు. ఆయన్నెవరూ ఈ లెక్క అడగలేదంతే.

కనుక ఇరవై వేలు అప్పుకు పోయాయి, ప్రామిసరీ నోటు వెనక్కి వచ్చి చిరిగింది. ఆరు వేలు పెద్దవాడి ప్రైవేటు బడి మొదటి టర్ము ఫీజుకు చెల్లు. మూలంలోని విరోధాభాసం ఇక్కడితో విడిపోతుంది: పడ్డాయి, నిజం, లేవు, అదీ నిజమే.

విశేషం: వీధిలో అందరికీ ఒకే వారం పడ్డాయి కాబట్టి చేబదులు అడగొచ్చిన వాళ్లకు ఈ వాక్యం పనిచేయదు, ఇది ఇంట్లో వాళ్లకే ఉద్దేశించింది. ఇలాంటి సొమ్ము చేతికొస్తే జనం దుబారా చేస్తారని టీ కొట్ల దగ్గర తీర్పులిచ్చే పెద్దలు ఈ ‘గానీ’ దాకా చదవరు.

ఇంకో సంగతి. నాకు తోచినంతలో ఈ ఇంటికి కలిసొచ్చింది ఇరవై ఆరు వేలు కాదు, నెలనెలా వడ్డీకి పోయే ఆరు వందలు ఆగిపోవడం. జూలైలో మొదటి ఆరు వందలూ పిల్ల పేర పోస్టాఫీసుకు చేరాయి. మరిది నోరు విప్పలేదు. వడ్డీ ఆగింది కదా, ఆ డబ్బులేమవుతున్నాయని పెనిమిటి ఇంకా అడగలేదు. అడిగినప్పుడు వేరే వాక్యం వెలువడుతుంది. దానికి వేరే టీక.